పన్నెండు వేల గుట్టుకుండలు

కథల్లో వీరులు గుర్రాల మీద వస్తారు. కుంభావతి నగరపు గుట్టుసాల అధికారి సోమిలుడు మాత్రం వజ్రదుర్గం పొలిమేరకు కుంటుకుంటూ, దొంగగడ్డాన్ని చంకలో పెట్టుకొని వచ్చాడు. ప్రయాణానికి అది తొమ్మిదో రోజు. చెప్పుల జతలో ఒకటి నాలుగో రోజే వాగులో కొట్టుకుపోయింది. రెండోదాన్ని పారేయడానికి మనసొప్పక ఒక కోసు కుడికాలికి, ఒక కోసు ఎడమకాలికి మార్చి తొడుక్కుంటున్నాడు. ఎదురుపడిన గొర్రెల కాపరి జాలిపడి దారి వదిలాడు. గొర్రెలు వదల్లేదు.

కోట బురుజులు కనిపించగానే అతను ఒక బండ చాటుకి వెళ్ళి, తుమ్మజిగురు పూసి గడ్డం అంటించుకున్నాడు. అది సాధువు వేషం. చేయి తిరిగిన వేషగాళ్ళు మేకవెంట్రుకలతో గడ్డాలు కడతారు. సోమిలుడిది దూది గడ్డం. అతని ఉద్యోగంలో దూదికి మాత్రం ఏనాడూ కరువు లేదు.

ఆ ఉద్యోగం సంగతి చెప్పందే కథ ముందుకు కదలదు. కుంభావతిని ఏలేది రాజు కాదు, వీధికొకరు చొప్పున జనం ఎన్నుకున్న పెద్దల సభ. ఆ ఊళ్ళో పుట్టిన ప్రతి మనిషికీ గుట్టుసాలలో ఒక కుండ ఉంటుంది. మనసు బరువెక్కినప్పుడు వచ్చి, తన కుండ మూతిలో నోరు పెట్టి, చెప్పుకోవలసింది చెప్పుకొని, లక్కతో మూసి బొటనవేలి ముద్ర వేసి పోవాలి. జబ్బు చేస్తే వైద్యురాలి ఎదుట ఆ మనిషే తన చేత్తో ముద్ర విప్పాలి. ఏళ్ళ కిందట చెప్పిన మాట అదే గొంతుతో బయటికి వస్తుంది, దాన్ని బట్టి మందు. ఇంకెవరు విప్పినా కుండలోంచి గాలి తప్ప ఏమీ రాదు. సభ పెద్దలకు కూడా కుండ మీద చెయ్యి వేసే హక్కు లేదు. ఇక గుట్టుసాల ఉద్యోగులు తలుపు తీసింది మొదలు మూసేదాకా చెవుల్లో దూది పెట్టుకొని తిరగాలి. అందుకే కుంభావతిలో ఎవరైనా పిలిస్తే పలక్కపోతే, 'ఏం, గుట్టుసాలలో ఉద్యోగమా?' అంటారు.

పన్నెండు వేల కుండలు. నూట యాభై ఏళ్ళలో ఒక్క ముద్ర చెదరలేదు. ఆ ఘనతంతా తనదే అన్నట్టు సోమిలుడు పండగపూట ఊరేగింపులో ముందు నడిచేవాడు.

ఆరు నెలల కిందట వణికే చేతికర్రతో ఒక ముసలి జ్యోతిష్కుడు వచ్చాడు. "లోపలి మాటలు నాకెందుకు నాయనా? శివ శివ! కుండల మెడకు దారాలు కడతారే, అవి రాసుకుంటే చాలు. ఎవరు ఏ రోజున ఏ రంగు కట్టారో అంతే. లోకక్షేమం కోసం గ్రహబలం చూడాలి," అన్నాడు. దారాలంటే వైద్యురాలి వెతుకులాట తప్పించడానికి కట్టే గుర్తులు. జబ్బుకు ఎరుపు, వలపుకు పసుపు, భయానికి నలుపు. వాటికి ముద్రలేదు, కాపలా లేదు. వాటిని దాచాలని ఎవరికీ తోచలేదు.

సోమిలుడు నవ్వాడు. "దారాలేనా స్వామీ! మీ కళ్ళకు శ్రమెందుకు, నేనే చదువుతాను, రాసుకోండి," అని మూడు రోజులపాటు పన్నెండు వేల పేర్లూ రోజులూ రంగులూ గొంతు సవరించుకొని, రాగం తీసి మరీ చదివి వినిపించాడు. నాలుగో రోజున జ్యోతిష్కుడు కప్పిన శాలువాను చాలాకాలం మడత విప్పకుండా దాచుకున్నాడు.

వచ్చినవాడు మాంత్రికుడు సహస్రకర్ణుడు. నెల తిరక్కముందే సంతలో నిలబడి ఒక గానుగవాడి భార్యతో, "ప్రతి గురువారం నీ కుండకు పసుపు దారమేమిటమ్మా? అదే గురువారం ఆ సన్నాయి వాయించేవాడి కుండకూ పసుపేగా!" అన్నాడు. ఒక పేరుమోసిన మల్లుణ్ణి పట్టుకొని, "కుస్తీకి ముందురోజు నల్లదారం, ప్రతిసారీ!" అన్నాడు. ఒక్క కుండ పగల్లేదు, ఒక్క ముద్ర విడలేదు. ఊరు మాత్రం నడివీధిలో పడింది. ఆ తర్వాత గుట్టుసాల వాకిట్లో గడ్డి మొలిచింది.

సరిగ్గా అప్పుడే ఊరిమీద చలిజ్వరం పడింది. సోమిలుడి చెల్లెలు కేతకి కూడా మంచం పట్టింది. వైద్యురాలు పుష్కలాంబ నాడి చూసి, "ఈ జ్వరాలు రెండు రకాలు. ఒకటి చిత్తడి దోమ తెచ్చేది, ఒకటి చెడ్డనీళ్ళు తెచ్చేది. పైకి రెండూ ఒకటే. ఒకదాని మందు ఇంకోదానికి విషం. ఎక్కడెక్కడ తిరిగావో చెప్పు తల్లీ," అంది. కేతకి గోడవైపు తిరిగి పడుకుంది. సోమిలుడు బతిమాలితే ఒక్కటే మాట అంది.

"చెబితే దారం కడతారు. దారం కడితే నువ్వు చదువుతావు. నాకేం వద్దన్నయ్యా."

అరిచినా తిట్టినా ఇంత తగిలేది కాదు. పుష్కలాంబ అతణ్ణి వాకిట్లోకి పిలిచి, "ఆ దారాల పట్టీ తెచ్చి ఊరి నడిబొడ్డున కాల్చందే ఈ పిల్లే కాదు, ఏ ఇంట్లోనూ ఎవరూ నోరు విప్పరు. ఇరవయ్యొక్క రోజులు జ్వరాన్ని నేను పట్టి ఉంచగలను. ఆ పైన నా చేతిలో లేదు. ఇక నీ ఇష్టం, గుట్టుసాల దొరగారూ," అంది. ఆ 'దొరగారూ' అన్నది వినబడకుండా చెవుల్లో దూది ఉన్నా బాగుండుననిపించింది సోమిలుడికి. ఆ పూటే బయలుదేరాడు.

సహస్రకర్ణుడి మేడకు దారి వజ్రదుర్గం మీదుగానే. అందుకే ఆ గడ్డం, ఆ వేషం.

కోట వాకిలి దగ్గర భటుడు పేరడిగాడు. తల్లి పేరడిగాడు. నిన్న తిన్న కూర, మొన్న వచ్చిన కల కూడా అడిగాడు. సోమిలుడు అన్నిటికీ తడుముకోకుండా అబద్ధాలు చెప్పి, తన తెలివికి తనే మురిసిపోయేలోపల భటుడు వెదురు పంజరం ఒకటి చేతిలో పెట్టాడు. అందులో ఆకుపచ్చటి చిలుక ఒకటి పెళ్ళిచూపులకు వచ్చిన పెద్దమనిషిలా ఎగాదిగా చూసింది.

"ఇదెందుకయ్యా?"

"మా దేశంలో ఉన్నన్నాళ్ళూ ఇది మీతోనే ఉండాల స్వామీ. మహారాజు ఉగ్రభానులవారి ఆజ్ఞ. మీరేం మాట్లాడినా పొద్దు పడమటికి వాలంగానే కొలువులో అప్పజెప్పుద్ది."

ఊళ్ళో ప్రతి గడపకూ ఒక పంజరం వేలాడుతోంది. వీధులు అద్దంలా ఉన్నాయి, జనం ఒద్దికగా నడుస్తున్నారు, అందరి నోటా ఒకే మాట, "మహారాజు చల్లగా ఉండాలి!" ఎంత గొప్ప ప్రజలో, ఎంత గొప్ప భక్తో అనుకున్నాడు సోమిలుడు. కళ్ళు చెమ్మగిల్లాయి కూడా. మనుషుల్ని పసిగట్టడంలో అతను ఎప్పుడూ అంతే.

బస చేసిన పూటకూళ్ళ అవ్వ విస్తరి వేసి, "మహారాజు చల్లగా ఉండాలి," అంది. వచ్చి కూర్చోమని. పప్పు వడ్డించి, "మహారాజు చల్లగా ఉండాలీ?" అంది. చాలా, ఇంకా వెయ్యనా అని. పక్క విస్తరి ముందున్న గాడిదలవాడు చారు నోట్లో పోసుకొని, ముఖం చిట్లించి, "మహారాజు చల్లగా ఉండాలి!" అన్నాడు. అవ్వ ఉప్పు తెచ్చి పెట్టింది. సోమిలుడికి నవ్వు ఆగలేదు. పొరబోయి, పొట్ట పట్టుకొని, కళ్ళనీళ్ళు కారేదాకా నవ్వాడు. పక్క విస్తళ్ళవాళ్ళు అన్నం తినడం ఆపేశారు.

భోజనమయ్యాక కునుకు తీసి లేచిన సోమిలుణ్ణి అవ్వ రోటి దగ్గరికి లాక్కెళ్ళింది. రోకలి ఎత్తి దబ్బున వేసింది. ఆ పోటు మోతలో మామూలు మాట వినబడింది.

"నవ్వుకో నాయనా, నవ్వుకో. (దబ్) ఆ పంజరంలో ఉన్నదాన్ని మేం ఇంటల్లుడు అంటాం. (దబ్) దానికి పెట్టాల, దాని ముందర నోరు మూసుకోవాల. (దబ్) నువ్వు ఇందాక కునుకు తీస్తా ఏదో గొణిగినావు, చెల్లెలని, పట్టీ అని. అది చెవులు రిక్కించింది, చూసినాను."

సోమిలుడి నవ్వు ఎక్కడికి పోయిందో పోయింది. "ఇప్పుడెలా అవ్వా?"

"పొద్దు వాలంగానే, కొలువుకి పట్టుకుపోయే ముందు అది పాఠం వల్లించుకుంటది, ఎత్తుకోంగానే పొగుడు. (దబ్) పొగడ్త చెవినబడితే ఇల్లు తగలబడతన్నా ఆపి, తనూ అందుకోవాల. దాన్ని పెంచడమే అట్టా పెంచినారు. అదను తప్పినాక ఇంక ఆ పూటకి కొలువుకి పోదు. (దబ్) కానీ మర్చిపోదు నాయనా. మర్నాడు మళ్ళీ ఎత్తుకుంటది."

"విడిచిపెడితే?"

"నేరుగా రాజు భుజం మీదే వాలుద్ది."

ఆమె రోకలి ఆపకుండానే ఇంకో సంగతి చెప్పింది. కోట వెనక ఏటికట్ట నెల్లాళ్ళుగా బీటలిచ్చి ఉంది. ఊరందరికీ తెలుసు. రాజుకు తప్ప.

"చెప్పరేం?"

"మొదట ఎవురు చెప్పాల? (దబ్) కట్ట బాగాలేదంటే రాజు బాగా ఏలడంలేదన్నట్టేగా."

అన్నంత పనీ అయింది. పొద్దు వాలగానే చిలుక ఈకలు దులుపుకొని, "వినండి ప్రభూ! దూది గడ్డం సాధువు నిద్రలో..." అని ఎత్తుకుంది. అవ్వ పొయ్యి దగ్గర నుంచే, "మహారాజు చల్లగా ఉండాలి!" అని కేకవేసింది. చిలుక టక్కున ఆగి, తల వంచి, "మహారాజు చల్లగా ఉండాలి," అని అందుకుంది. ఆ గండం ఆ పూటకి గడిచింది.

మర్నాడు మిట్టమధ్యాహ్నం కట్ట తెగింది.

ఏరు వీధుల్లోకి వచ్చింది. గాదెలు తేలాయి, గాడిదలు ఈదాయి, రాజుగారి పట్టపుటేనుగు మెట్లెక్కి కొలువుకూటంలోకి దూరింది. ఉగ్రభానుడు మొలలోతు నీళ్ళలో నిలబడి, కిరీటం చేత్తో పట్టుకొని, "ఒక్కడంటే ఒక్కడు నాకు చెప్పలేదేం? అన్ని చిలకలు ఎందుకు మేపుతున్నట్టు?" అని గర్జించాడు. తేలుతున్న వెయ్యి పంజరాల్లోంచి వెయ్యి గొంతులు ఒక్కసారే, "మహారాజు చల్లగా ఉండాలి!" అన్నాయి.

అవ్వ అటక మీదికి ఎక్కుతూ పెళ్ళివంటల గంగాళం ఒకటి సోమిలుడి వైపు తన్నింది. అతను పంజరంతో సహా అందులో పడ్డాడు. ఏరు వాళ్ళను ఎత్తుకొని పోతుంటే అవ్వ చూరు పట్టుకొని వెనక నుంచి, "మహారాజు చల్లగా ఉండాలి!" అని అరిచింది. ఈసారి దాని అర్థం ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేకపోయింది. పో నాయనా, బతికిపో, అని.

పన్నెండో రోజు ఉదయం గంగాళం మణిపట్నం రేవులో ఒడ్డుకు కొట్టుకుంది. ఆ పట్నాన్ని వర్ణించకుండా పోతే పాపం చుట్టుకుంటుంది. పగడాల గడపలు, పటికపు మెట్లు, పట్టుపరదాల పల్లకీలు, కస్తూరి కలిపిన కళ్ళాపిలు, నావల తెరచాపలకు కుట్టిన వెండి మువ్వలు సముద్రపు గాలికి ఘల్లుమంటుంటే నడివీధిలో నెమళ్ళు పురివిప్పి ఆడే ఆ పట్నంలో రాజు లేడు, భటుడు లేడు, పంజరం అసలే లేదు. పన్నెండుమంది వర్తకశ్రేష్ఠులు కలిసి ఏలుతారు. ఎవరూ ఎవర్నీ ఏమీ బలవంతంగా అడగరు. ఇన్ని సొగసుల మధ్య మన వీరుడు గంగాళంలోంచి లేచి నిలబడ్డాడు, గడ్డం ఒక చెవికి వేలాడుతూ.

రేవులోనే మిఠాయి అంగడి ఉంది. నేతిలో పూర్ణం బూరెలు వేగుతున్నాయి. సోమిలుడు రెండు రోజులుగా ఏమీ తినలేదు. అంగడి యజమాని సుగుణశెట్టి చేతులు జోడించాడు.

"దయచేయండి బాబూ, దయచేయండి. డబ్బు మాటెత్తకండి, మీ పేరు చెబితే చాలు, రెండు బూరెలు. ఇష్టముంటేనే సుమండీ!"

"పేరేం భాగ్యం!" అన్నాడు సోమిలుడు. ఆ బూరెల ముందు అబద్ధపు పేరు నాలుక మీదికి రానేలేదు.

"ఊరు చెబితే ఇంకో రెండు."

చెప్పాడు.

"ఎందుకొచ్చారో, ఎక్కడికి వెళ్తున్నారో, ఇంట్లో ఎవరి గురించి బెంగపడుతున్నారో చెబితే కడుపునిండా. పైగా వెళ్ళవలసిన చోటికి ఉచితంగా పడవ. ఇదుగో, ఇక్కడ చిన్న ఒప్పుకోలు. వేలిముద్ర వేస్తే సరి."

ఒప్పుకోలు పదహారు మూరల తాటాకుల మాల. శెట్టి దాన్ని విప్పితే ఆ చివర పక్క అంగడి దాకా పోయింది. నూట యాభై ఏళ్ళ ముద్రల ఘనత మోసిన గుట్టుసాల అధికారి, ఒక్క ముద్ర వెయ్యడానికి ముందు కుంభావతిలో నియమాలు మూడుసార్లు చదివి వినిపించే అధికారి, దాని మొదటి ఆకు కూడా చూడలేదు. నేతిచేతి బొటనవేలు నొక్కి, "ఇంకో రెండు వడ్డించండి," అన్నాడు. చెల్లెలి జ్వరం దగ్గర్నుంచి సహస్రకర్ణుడి మేడ దాకా అన్నీ చెప్పాడు. పూర్ణంలో యాలకులు కాస్త ఎక్కువుంటే తనకు ఇష్టమని కూడా అడక్కుండానే చెప్పాడు. శెట్టి వెనక కూర్చున్న రాయసగాడు తల ఎత్తకుండా రాసుకుంటూ పోయాడు.

"వజ్రదుర్గం కంటే ఎన్ని వేల రెట్లు నయం!" అన్నాడు సోమిలుడు పడవెక్కుతూ, చిలుకతో.

సహస్రకర్ణుడి చెవుల మేడ నదీముఖంలో నిట్టనిలువు కొండ మీద ఉంది. గోడల నిండా చేటలంత మట్టిచెవులు, నాలుగు దిక్కుల గాలినీ వినడానికి మాంత్రికుడు మంత్రించి నాటినవి. దగ్గరికి పోయి చూస్తే సగం పగిలిపోయాయి, మిగతా సగంలో పావురాలు గూళ్ళు పెట్టాయి. మేడకు మెట్లు లేవు. పైన చక్రానికి తాడు, తాడుకు ఒక పెద్ద బుట్ట. సరుకులు అందులోనే ఎక్కుతాయి, మనుషులూ అందులోనే. సోమిలుడు గడ్డం సవరించుకొని, మిఠాయిలు అమ్మేవాడిలా కేక వేద్దామని నోరు తెరిచాడు. తెరిచేలోపే బుట్ట దిగివచ్చింది. లోపల మెత్తటి పరుపు కూడా వేసి ఉంది. పంజరంతో సహా ఎక్కి కూర్చున్నాడు.

పైన కిటికీలో సహస్రకర్ణుడు చెయ్యి అందించాడు.

"రా నాయనా సోమిలా! గడ్డం నీకు నప్పలేదు. కూర్చో. యాలకులు కాస్త ఎక్కువే వేయించాను."

పీటమీద వెండిపళ్ళెం, పళ్ళెంలో బూరెలు. సోమిలుడు ఏ మంత్రంతో తెలుసుకున్నావని అడగబోయి, అడిగి ఉన్న పరువు కూడా పోగొట్టుకోవడం ఎందుకని మానుకున్నాడు. పడవకంటే ముందు శెట్టి రాయసగాడి చీటీతో ఒక పావురం వచ్చి ఉంటుంది, అంతే. రెండుసార్లు. ఒకే మనిషి, తన నోటితోనే, రెండుసార్లు బయటపెట్టుకున్నాడు. మొదటిసారి శాలువా అన్నా దక్కింది.

"మంత్రాలు మానేశాను నాయనా," అన్నాడు మాంత్రికుడు గోడ చెవులకేసి చూపిస్తూ. "నలభై ఏళ్ళు తపస్సు చేసి ఇవి నాటితే పావురాల గోల తప్ప ఏమీ వినబడలేదు. నువ్వు మూడు రోజులు చదివావు, పన్నెండు వేల మంది గుండెలు విప్పి చూపించావు. అసలైన మాంత్రికుడివి నువ్వేనయ్యా!"

అతని మోకాళ్ళ మీద ఉంది ఆ తాటాకుల కట్ట.

"నకళ్ళు ఎన్ని తీశావు?" అన్నాడు సోమిలుడు.

"నకలా? నా సొత్తు ఇంకో రాయసగాడి చేతిలో పెడతానా, పిచ్చివాణ్ణా? లోకంలో ఎవర్నీ నమ్మకూడదు నాయనా. రేపు ఉగ్రభానుడి మనుషులు వస్తున్నారు, శ్రేష్ఠుల మనుషులూ వస్తున్నారు. ఒకళ్ళకు జనాన్ని భయపెట్టడానికి కావాలి, ఇంకొకళ్ళకు ఆశపెట్టడానికి. సరుకు ఒకటే." అతను ముందుకు వంగాడు. "కానీ నువ్వు నాకు ఉపకారం చేసినవాడివి. నీ చెల్లెలు కేతకి దారాలు చూశాను. ఆవిడ వచ్చిన రోజులు, అదే రోజుల్లో వచ్చినవాళ్ళు, వాళ్ళ రంగులు. ఎక్కడికి వెళ్ళిందో, ఎందుకు వెళ్ళిందో, అది దోమజ్వరమో నీళ్ళజ్వరమో నూటికి తొంభైపాళ్ళు చెప్పగలను. విను, ఇంటికి పో, మందు వేయించు, పిల్లను బతికించుకో. ఈ పట్టీ సంగతి మర్చిపో."

అడుగు, అడుగు అంది సోమిలుడి లోపల ఏదో. ఒక్క మాట. తొంభైపాళ్ళు. రాత్రీ పగలూ ఆగకుండా పోతే ఎనిమిది రోజుల దారి, తొమ్మిది రోజుల గడువు. గోడవైపు తిరిగి పడుకున్న ఆ సన్నటి వీపు కళ్ళముందు మెదిలింది. విని వెళ్తే అది బతకవచ్చు. బతికి, లేచి కూర్చొని, 'నీకెలా తెలిసిందన్నయ్యా?' అంటుంది. అప్పుడు ఏ మొహం పెట్టుకొని చెప్పాలి?

జీవితంలో మొట్టమొదటిసారి అతనికి తన ఉద్యోగం ఏమిటో తెలిసింది. ఊరేగింపులో నడవడం కాదు. వినకపోవడం.

గడ్డంలోంచి రెండు పిడికిళ్ళ దూది పీకి రెండు చెవుల్లోనూ కుక్కుకున్నాడు.

మాంత్రికుడి పెదవులు కదులుతున్నాయి. కదిలే పెదవుల్ని చూసినా మాట అందుతుందేమోనని సోమిలుడు కళ్ళు కూడా గట్టిగా మూసుకున్నాడు. మూసుకొని, చేతులు చాచి, పట్టీ మీదికి దూకాడు. చేతికి బూరెల పళ్ళెం తగిలింది. దాన్నే లాక్కొని కిటికీ దాకా పరిగెత్తి, మెత్తగా ఉందేమిటని ఒక కన్ను తెరిచి చూసి, వెనక్కి పరిగెత్తి, పళ్ళెంతో మాంత్రికుడి నెత్తిన ఒక్కటి వేసి, ఈసారి అసలు కట్టనే లాక్కొని నడుముకు చుట్టుకున్నాడు. ఇదంతా వీరోచితంగా జరిగిందని తర్వాత ఎవరైనా పాడితే నమ్మవద్దు.

పంజరం పళ్ళతో కరిచి పట్టుకొని కిటికీలోంచి బుట్టలోకి దూకాడు. చక్రం గిర్రున తిరిగింది, బుట్ట జర్రున జారింది. పరుపుతో సహా బుట్ట అడుగు ఊడి నదిలో పడింది. సోమిలుడు తాడు పట్టుకొని వేలాడాడు. పంజరం జారి అతని మోచేతికి తగులుకుంది. కిందనున్న పడవ అరచెయ్యంత కనబడుతోంది. అప్పుడే తాడు ఒక్క కుదుపుతో ఆగి, మెల్లగా పైకి లేవసాగింది. నెత్తిన పూర్ణం కారుతుంటే సహస్రకర్ణుడు చక్రాన్ని వెనక్కి తిప్పుతున్నాడు.

ఆ కుదుపుకు రెండు చెవుల్లో దూదీ ఊడి గాలిలో కలిసింది.

పొద్దు పడమటికి వాలింది. మోచేతికి వేలాడే పంజరంలో చిలుక ఈకలు దులుపుకుంది. అంతసేపూ దాని చెవుల్లో దూది ఎవరూ పెట్టలేదని అప్పుడు గుర్తొచ్చింది గుట్టుసాల అధికారికి.

"వినండి ప్రభూ!" అంది చిలుక, తీరిగ్గా. "కుంభావతి కేతకి, మాఘమాసంలో..."

చెవులు మూసుకుందామంటే రెండు చేతులూ తాడుకే కావాలి. పంజరం వదిలేద్దామంటే అది పగిలి, చిలుక నేరుగా ఉగ్రభానుడి భుజం మీద వాలుతుంది. ఏమీ చెయ్యక్కర్లేదు, ఊరికే ఉంటే చాలు, చెల్లెలి ప్రాణం నిలబెట్టే మాట దానంతటదే చెవిలో పడుతుంది. ఎవరికీ తెలియదు. అతనికి ఏడుపొచ్చింది.

"మాఘమాసంలో, ఒంటరిగా, తెల్లవారకుండానే..."

మూడు రోజుల కిందట వజ్రదుర్గం జనాన్ని చూసి పొట్ట పట్టుకొని నవ్విన సోమిలుడు, నదికీ ఆకాశానికీ నడుమ, సగం గడ్డంతో వేలాడుతూ, గొంతు చిరిగిపోయేలా అరిచాడు.

"మహారాజు చల్లగా ఉండాలి!"

చిలుక టక్కున ఆగింది. తల వంచింది. "మహారాజు చల్లగా ఉండాలి," అంది.

"మహారాజు చల్లగా ఉండాలి!" అన్నాడు సోమిలుడు, నువ్వు బతకాలి తల్లీ, నీ నోటితో నువ్వే చెప్పాలి, అని.

పైన చక్రం కిర్రుమంటోంది. తాడు ఒక్కొక్క బార చొప్పున మేడకేసి ఎక్కుతోంది. చిలుక ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడల్లా అతను ఇంకాస్త గట్టిగా అందుకుంటున్నాడు.